ఆ బొమ్మ ఎవర్ని చూసి నవ్వుతోంది? పాత పిల్లల పుస్తకాల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో నేనొక మాట రాశాను, అమెరికా పిల్లల రచయిత డాక్టర్ సూస్ పాత పుస్తకాల్లో వేరే జాతులవాళ్లని వెక్కిరించే బొమ్మలున్నవాటిని ఐదేళ్ల పిల్లల చేతికి నేనైతే ఇవ్వను అని. ఆ ఒక్క లైనుకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు బాగా చెప్పారన్నారు, ఎక్కువమందికి కోపం వచ్చింది, "మీరు కూడా నచ్చనివన్నీ వెలివేసే ఆ క్యాన్సిల్ బ్యాచ్‌లో కలిసిపోయారా" అని అడిగినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈసారి పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నా. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక అమ్మ): అక్కా, మా బాబుకి ఐదేళ్లు, ఇక్కడే పుట్టాడు. వాడికి డాక్టర్ సూస్ అంటే ప్రాణం, రాత్రి ఒక పుస్తకం చదివితే గానీ పడుకోడు. మా దగ్గర గరాజ్ సేల్‌లో కొన్న పాత సెట్ ఉంది, అందులో బ్యాన్ అయినవి రెండున్నాయని మా ఆయన ఫ్రెండ్ చెప్పాడు. మా ఆయనేమో "ఇదంతా ఓవర్ యాక్షన్, పిల్లల పుస్తకాల్ని కూడా వదలరా" అంటాడు. నాకేమో ఆ బొమ్మలు చూస్తే ఏదోలా ఉంటుంది. పారెయ్యాలా, ఉంచాలా?

జవాబు: ముందు ఆ "బ్యాన్" అన్న మాట సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవలో సగం ఆ మాట వల్లే వచ్చింది. 2021 మార్చి 2న, అంటే ఆ రచయిత పుట్టినరోజు నాడే, ఆయన పుస్తకాల హక్కులున్న సంస్థ డాక్టర్ సూస్ ఎంటర్‌ప్రైజెస్ తనంతట తానే ఒక ప్రకటన ఇచ్చింది, ఆరు పుస్తకాల్ని ఇక అచ్చు వెయ్యం, వాటిలో మనుషుల్ని చూపించిన పద్ధతి బాధపెట్టేలా ఉంది, తప్పు అని. ప్రభుత్వం ఆపలేదు, కోర్టు ఆపలేదు. ఆయన పుస్తకాల్లో బాగా పేరున్న టోపీ పిల్లి పుస్తకం ఆ ఆరింటిలో లేదు, ఆకుపచ్చ గుడ్ల పుస్తకమూ లేదు, మిగతా పుస్తకాలన్నీ షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. అసలు ఆ ప్రకటన వచ్చిన వారంలో జనం ఎగబడి కొనేసరికి అమెజాన్‌లో బెస్ట్‌సెల్లర్ లిస్టు పైభాగంలో ఎక్కువ ఆయన పుస్తకాలే. పాత వస్తువులు అమ్ముకునే వెబ్‌సైట్ ఈబే వాళ్లు మాత్రం ఆ ఆరింటి పాత కాపీలు కూడా అమ్మనివ్వం అన్నారు చూశావూ, అది నాకు నచ్చలేదు. ఒకళ్ల ఇంట్లో ఉన్న పాత పుస్తకాన్ని ఇంకొకళ్లు కొనుక్కుని చదువుకోవడానికి అడ్డం పడటం వేరే పని, దాన్ని నేను సమర్థించను.

ఇప్పుడు ఆ బొమ్మల దగ్గరికి వద్దాం. ఆరింటిలో ముందుగా వచ్చింది 1937 నాటి మల్బరీ స్ట్రీట్ పుస్తకం, అది ఆయన మొట్టమొదటి పిల్లల పుస్తకం, ఇరవైకి పైగా పబ్లిషర్లు తిప్పి పంపేశాక అచ్చయింది. అందులో ఒక చైనా మనిషి ఉంటాడు, ఒళ్లంతా పసుపు రంగు, వెనక జడ, చేతిలో పుల్లలు, వాణ్ని చైనావాళ్లు తిట్టుగా భావించే మాటతో పిలిచారు. ఆ రంగూ ఆ జడా ఆ మాటా 1978లో తీసేశారు, రచయిత బతికుండగానే, అది గుర్తుపెట్టుకో. 1950 నాటి జూ పుస్తకం ఇంకా ఘోరం, అందులో ఆఫ్రికా మనుషులు గడ్డి పావడాలు కట్టుకుని, ముఖాలు మనుషులవో కోతులవో తెలియకుండా, ఒక పక్షిని మోసుకుంటూ వస్తారు, ఆసియావాళ్లు ముగ్గురు ఒక తెల్ల పిల్లాణ్ని, వాడి చేతిలో తుపాకీతో సహా, తలల మీద మోస్తుంటారు. ఆ పేజీని మాటలు లేకుండా చూడు. ఐదేళ్లవాడు చూసేది అలాగే కదా.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. అక్షరం రాని పిల్లలకి బొమ్మే చదువు, మనం గొంతు మార్చి చదివేది వాళ్లకి రెండోది. మాట తప్పుగా ఉంటే చదివే అమ్మ అక్కడికక్కడ మార్చేసుకుంటుంది, మనందరం చేసే పనే అది. బొమ్మని అలా మార్చలేం, అది పేజీ నిండా ఉంటుంది, మనం లేనప్పుడు కూడా వాడు తీసి చూసుకుంటాడు. నేను పిల్లల లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో ఎవరో పాత ఇంగ్లీష్ పుస్తకాలు ఒక కార్టన్ నిండా ఇచ్చారు, ఫారిన్ పుస్తకాలు, రంగులు మెరిసిపోతున్నాయి, నేనూ మురిసిపోయి అరల్లో సర్దేశాను. ఒకరోజు ఆరేళ్ల పాప ఒకటి, బాగా చామనఛాయ, కింద కూర్చుని అందులో ఒక పుస్తకం తిప్పుతోంది. ఒక పేజీ దగ్గర ఆగింది. పెద్ద ఎర్ర పెదాలు, గుండ్రటి తెల్ల కళ్లు, కాటుక లాంటి నల్ల ముఖం ఉన్న బొమ్మ. పక్కన కూర్చున్న పిల్లలు ఆ బొమ్మనీ ఈ పాపనీ మార్చి మార్చి చూసి కిసుక్కున నవ్వారు. పాప ఏమీ అనలేదు, అరచెయ్యి తీసి ఆ బొమ్మ మీద పెట్టింది, పెట్టి అలాగే కూర్చుంది. ఆ చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది. ఎవరో దూరదేశంలో ఎప్పుడో వేసిన బొమ్మ, మా ఊళ్లో ఒక పాప చేత ముఖం దాచుకునేలా చేసింది.

2019లో ఇద్దరు పరిశోధకులు సూస్ పుస్తకాలు 50 తీసుకుని అందులో ఉన్న మనుషులందర్నీ లెక్కేశారు. మొత్తం 2,240 మంది తేలారు, అందులో తెల్లవాళ్లు కానివాళ్లు 45 మందే, అంటే నూటికి ఇద్దరు. ఆ పరిశోధనతో గొడవపడినవాళ్లూ ఉన్నారు, పడొచ్చు. కానీ నాకు ఆ 45 కన్నా వాళ్లు చేస్తున్న పనులే ముఖ్యం, మొయ్యడం, నవ్వులపాలవడం. మీ బాబు క్లాసులో వాడి పక్కన చైనా అమ్మాయో ఆఫ్రికా మూలాలున్న అబ్బాయో కూర్చుంటారు, రేపు వీణ్నీ ఎవరో ఒంటె మీద ఎక్కించి బొమ్మ గీసి నవ్వొచ్చు.

పారెయ్యొద్దమ్మా. ఆ రెండూ తీసి అల్మారా పై అరలో పెట్టు. వాడికి తొమ్మిదో పదో వచ్చాక నువ్వే కిందకి దింపి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఇందులో నీకేదైనా తేడాగా అనిపిస్తోందా" అని అడుగు. వాడు చెప్పేది విను. మీ ఆయనకి కూడా ఆ జూ పుస్తకంలో పేజీ తీసి చూపించు, వాదన పెట్టకు, ఊరికే చూపించు.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులు): అమ్మా, నాకు 74 ఏళ్లు. నలభై ఏళ్ల పాటు పాఠాలు చెప్పాను. ఆ కాలంలో అందరూ అలాగే రాసేవారు, అలాగే గీసేవారు. ఆనాటి మనిషిని ఈనాటి తూకంతో తూచడం న్యాయమా? ఇలా వెతుక్కుంటూ పోతే ఏ పుస్తకం మిగులుతుంది?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు, నేను కూడా చాలా ఏళ్లు ఇదే మాట అన్నాను. అయితే "ఆ కాలంలో అందరూ" అన్నప్పుడు ఆ అందర్లో ఎవరెవరు ఉన్నారో చూడాలనిపించింది, చూస్తే నా మాట నిలబడలేదు.

అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1932లోనే ఇలాంటి బొమ్మల పుస్తకాల గురించి రాశాడు, తెల్ల పిల్లలకి ఇది సరదాగా ఉంటుందేమో గానీ అప్పటికే ఎన్నో దెబ్బలు తిన్న పిల్లాడికి ఇంకో కఠినమైన మాటలా తగులుతుంది అని. 1932 అంటే ఆ కాలమే కదండీ. బాధపడ్డవాళ్లు అప్పుడే చెప్పారు, వినేవాళ్లు లేకపోయారు. మనం ఇప్పుడు కొత్తగా తెచ్చిన తూకం కాదిది, అప్పుడే ఆ బజార్లోనే ఉన్న తూకం, కొందరి చేతికి దాన్ని ఇవ్వలేదంతే.

లారా ఇంగాల్స్ వైల్డర్ అని ఒకావిడ, అమెరికా మైదానాల్లో తన బాల్యం గురించి నవలలు రాసింది, మన ఇంగ్లీష్ మీడియం పిల్లలు కూడా చదువుతారు. 1935లో వచ్చిన పుస్తకంలో ఆ ప్రాంతం గురించి చెబుతూ అక్కడ మనుషులు లేరు, ఇండియన్లు (అమెరికా ఆదివాసులు) మాత్రమే ఉన్నారు అని రాసింది. అంటే ఆ నేల మీద పుట్టి పెరిగినవాళ్లు మనుషుల లెక్కలోకి రాలేదన్నమాట. చాలా ఏళ్ల తర్వాత ఒక పాఠకురాలు ఉత్తరం రాస్తే పబ్లిషర్ ఆవిడకి చెప్పారు, ఆవిడేం చేసిందో తెలుసా, వాదించలేదు, అది నా తెలివితక్కువ పొరపాటు, ఇండియన్లు మనుషులే, అలా అనాలన్న ఉద్దేశం నాకు లేదు అని ఒప్పుకుంది, 1953 ఎడిషన్లో "మనుషులు" తీసేసి "స్థిరపడటానికి వచ్చినవాళ్లు" అని మార్చారు. అప్పటికి ఆవిడకి మీకన్నా ఎక్కువ వయసు, ఎనభై దాటాయి. ఒక్క మాట, ఒక్క ఉత్తరం. 2018లో ఆవిడ పేరు మీదున్న అవార్డుకి పేరు మార్చారని పెద్ద రగడ జరిగింది, అవార్డు పేరే మార్చారు, పుస్తకాలు ఎక్కడికీ పోలేదు, అందుకని ఆ విషయంలో నాకు పెద్దగా అభ్యంతరం లేదు.

టిన్‌టిన్ అనే కుర్రాడి బొమ్మల కథలు వేసిన బెల్జియం ఆర్టిస్టు ఎర్జే కూడా అంతే. 1930, 31ల్లో కాంగో కథ గీసినప్పుడు ఆయన ఆ దేశానికి వెళ్లలేదు, అది అప్పుడు బెల్జియం వలస. టిన్‌టిన్ బ్లాక్‌బోర్డు ముందు నిలబడి కాంగో పిల్లలకి "మీ దేశం బెల్జియం" అని పాఠం చెబుతాడు. 1946లో రంగుల ఎడిషన్ వేసేటప్పుడు ఎర్జేనే దాన్ని లెక్కల పాఠంగా మార్చేశాడు. బొమ్మల్లో ముఖాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. బ్రస్సెల్స్‌లో ఉండే ఒక కాంగో విద్యార్థి 2007లో కోర్టుకెళ్లాడు, 2012లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. నన్నడిగితే కోర్టు చేసింది సరే. ఇంగ్లీష్ ఎడిషన్ వాళ్లు పుస్తకాన్ని ఉన్నదున్నట్టు వేసి, ఇది వలస పాలన నాటి ఆలోచనతో గీసింది అని ముందుమాట పెట్టారు, అది నాకు బాగా నచ్చిన పద్ధతి. పదమూడేళ్ల పిల్లాడు ముందుమాట చదువుతాడు. నాలుగేళ్ల పిల్లాడు చదవడు. నా గీత ఎక్కడుందంటే అక్కడే ఉంది మాస్టారూ.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. డాక్టర్ సూస్ అసలు పేరు థియోడర్ గైసెల్. 1942 ఫిబ్రవరి 13న ఆయన ఒక న్యూయార్క్ పేపర్లో కార్టూన్ వేశాడు, అమెరికా పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాలవాళ్లంతా ఒకేలాంటి ముఖాలతో బారులు తీరి బాంబు ప్యాకెట్లు తీసుకుంటున్నట్టు. సరిగ్గా ఆరు రోజుల తర్వాత వాళ్లని ఇళ్లలోంచి తరలించే ఆర్డర్ మీద ప్రెసిడెంట్ సంతకం పెట్టాడు, లక్షా ఇరవై వేలమంది దాకా క్యాంపుల్లో పడ్డారు, అందులో చంటిపిల్లలు కూడా. ఆ కార్టూన్ వల్లే ఆర్డర్ వచ్చిందని నేననను, కానీ ఆ గాలిలో అదీ ఒక ఊపిరి. అదే మనిషి 1953లో జపాన్ వెళ్లాడు, అక్కడి పిల్లల్నీ టీచర్లనీ కలిశాడు, మరుసటేడు హోర్టన్ అనే ఏనుగు కథ రాశాడు, ఎంత చిన్నవాడైనా మనిషి మనిషే అని చెప్పే కథ, దాన్ని క్యోటోలోని ఒక జపాన్ స్నేహితుడికి అంకితమిచ్చాడు. ఇలా మారిన మనిషిని పట్టుకుని, నువ్వు మారకముందు గీసినదే నువ్వు, దాన్నే పిల్లలకి తరతరాలూ చూపిస్తాం అనడం ఆయనకి గౌరవమా? మిగిలే పుస్తకాలు చాలా ఉన్నాయి మాస్టారూ, ఆ ఏనుగు మిగిలింది.

ప్రశ్న (చెన్నై నుంచి ఒక పాఠకుడు): పులులు చెట్టు చుట్టూ తిరిగి తిరిగి నెయ్యిగా కరిగిపోయిన కథ మా తాతయ్య నాకు చెప్పేవారు. ఈమధ్య అది ఇంగ్లీష్ పుస్తకమనీ, జాతి వివక్ష ఉందని తీసేశారనీ తెలిసి బాధేసింది. అది మద్రాసులోనే రాశారంటారు, నిజమా? మా మనవరాలికి చెప్పొచ్చా?

జవాబు: ఈ పేజీలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న మీదేనండీ. అవును, మన మద్రాసుకి సంబంధం ఉన్న కథే. హెలెన్ బ్యానర్‌మన్ అని స్కాట్లాండ్ ఆవిడ, భర్త ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో డాక్టరు, ముప్పై ఏళ్ల పాటు ఈ దేశంలోనే ఉన్నారు. కొడైకెనాల్ నుంచి మద్రాసు వచ్చే రైల్లో తన ఇద్దరు ఆడపిల్లల కోసం రాసి బొమ్మలేసిందని చెప్తారు. "లిటిల్ బ్లాక్ సాంబో" అనే పేరుతో 1899లో లండన్లో అచ్చయింది. కాపీరైట్ ఐదు పౌండ్లకి పోయింది, అంటే తర్వాత ఎవరు ఎలా వేసుకున్నా ఆవిడ నోరు మెదపడానికి లేకుండా పోయింది.

కథ ఎంత బావుంటుందో మీకు తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఒక చిన్న పిల్లాడు, అమ్మ ఎర్ర కోటూ నీలం లాగూ కుట్టింది, నాన్న ఆకుపచ్చ గొడుగూ ఊదారంగు బూట్లూ తెచ్చాడు. అడవిలో నాలుగు పులులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి తింటా అంటే, వాడు భయపడి ఏడుస్తూ కూర్చోకుండా ఒక్కో పులికీ ఒక్కోటి ఇచ్చి ప్రాణం దక్కించుకుంటాడు. బూట్లు కాళ్లకి సరిపోవంటే చెవులకి పెట్టుకోమంటాడు, గొడుగు ఎలా పట్టుకోవాలంటే తోకకి ముడేసుకోమంటాడు. పులులు నేను గొప్పంటే నేను గొప్పని కొట్టుకుని, ఒకదాని తోక ఒకటి నోట కరుచుకుని చెట్టు చుట్టూ తిరిగి తిరిగి నెయ్యిగా కరిగిపోతాయి. పుస్తకంలో మన "ఘీ" అనే మాటే ఉంటుంది. నాన్న ఆ నేతిని ఇత్తడి పాత్రలో ఎత్తుకొస్తాడు, అమ్మ దానితో అట్లు పోస్తుంది, అమ్మ 27 తింటుంది, నాన్న 55, పిల్లాడు 169. ఈ కథలో పిల్లాడు వెర్రివాడు కాదు, అందరికన్నా తెలివైనవాడు. అందుకే మొదట్లో లైబ్రేరియన్లు కొందరు దీన్ని మెచ్చుకున్నారు కూడా.

మరి గొడవెక్కడ? పేరులోనూ బొమ్మల్లోనూ. పులులు ఇండియావి, నెయ్యి ఇండియాది, బొమ్మలు మాత్రం అప్పట్లో తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని స్టేజీ మీద నల్లవాళ్లని వెక్కిరించే వేషాల పోలికలో ఉన్నాయి. పిల్లాడికి పెట్టిన "సాంబో" అనే పేరు అమెరికాలో అప్పటికే నల్లవాళ్లని తిట్టే మాట. ఇక కాపీరైట్ చేజారిపోవడంతో అమెరికాలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఇంకా వికారంగా బొమ్మలేసి అమ్ముకున్నారు. స్కూల్లో నల్ల పిల్లాణ్ని ఏడిపించడానికి ఆ పేరు సరిపోయింది. నేను పైన చెప్పిన హ్యూస్ మాట ఈ పుస్తకం గురించే. ఆవిడ కొడుకు తర్వాత రోజుల్లో ఒక పత్రికకి ఉత్తరం రాస్తూ, ఒక్క పిల్లాడైనా దీనివల్ల బాధపడతాడని కలలో కూడా అనుకుని ఉంటే మా అమ్మ దీన్ని అచ్చేయించేదే కాదు అన్నాడు. ఆ మాట నేను నమ్ముతాను.

జపాన్‌లో 1988లో పబ్లిషర్లు వరసగా దీన్ని వెనక్కి తీసుకున్నారు, 2005లో మళ్లీ ఒకళ్లు వేశారు. కానీ నాకు నచ్చింది 1996లో జరిగింది. ఆ ఒక్క ఏడాదిలో ఈ కథకి రెండు కొత్త పుస్తకాలొచ్చాయి. ఒకటి ఫ్రెడ్ మార్సెలీనో బొమ్మలేసింది, బ్యానర్‌మన్ రాసిన మాటలు దాదాపు అలాగే ఉంచి, పిల్లాడికి బాబాజీ అనీ అమ్మానాన్నలకి మామాజీ పాపాజీ అనీ పేర్లు పెట్టి, ఇండియాలోనే జరుగుతున్నట్టు గీశాడు, కథ తను పుట్టిన చోటికి తిరిగొచ్చేసింది. రెండోది జూలియస్ లెస్టర్ అనే నల్లజాతి రచయిత తిరగరాసింది, బొమ్మలు జెర్రీ పింక్నీ, ఆయనా నల్లజాతివాడే. ఏ పుస్తకం తమని గాయపరిచిందో ఆ కథనే చేతిలోకి తీసుకుని మళ్లీ చెప్పారు వాళ్లు, ఎందుకంటే కథ మంచిది, వాళ్లకీ ఇష్టమే. క్యాన్సిల్ కల్చర్ అని అరిచేవాళ్లు ఈ రెండు పుస్తకాల గురించి ఎందుకు మాట్లాడరో నాకర్థం కాదు.

మీ మనవరాలికి నిక్షేపంగా చెప్పండి. మీ తాతయ్య పుస్తకం చూపించి చెప్పలేదు కదా, నోటితో చెప్పారు, మీ మనసులో ఆ పిల్లాడు ఎలా ఉన్నాడు? మీలాగే ఉండి ఉంటాడు.

ప్రశ్న (విశాఖపట్నం): మా చిన్నప్పుడు చదివిన ఎనిడ్ బ్లైటన్ "నాడీ" అనే బొమ్మ పిల్లాడి పుస్తకాల్లో గాలివాగ్ అనే నల్లబొమ్మ ఉండేది, ఇప్పటి వాటిలో లేదు. నిజంగా మార్చారా, నాకే గుర్తులేదా?

జవాబు: మీకు బాగానే గుర్తుంది. 1980ల్లో కొత్త ఎడిషన్లలో గాలివాగ్‌లని తీసేసి గాబ్లిన్‌లని, అంటే కొంటె పిశాచాల్ని పెట్టారు. ఆ నల్లబొమ్మ బ్లైటన్ కనిపెట్టింది కాదు, 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ పుస్తకంతో మొదలై ఆటబొమ్మగా ఇంగ్లండ్ ఇళ్లన్నిటికీ చేరింది. మార్చి మంచి పని చేశారు, కథకి ఏ లోటూ రాలేదు.

ప్రశ్న (హైదరాబాద్, పబ్లిషింగ్‌లో పనిచేసే ఒక అబ్బాయి): మేడమ్, బొమ్మలంటే సరే. రోల్డ్ డాల్ పుస్తకాల్లో మాటలు మార్చేశారు కదా, "ఫ్యాట్" అన్న పదం కూడా ఉండకూడదట. దీన్ని కూడా మీరు సమర్థిస్తారా? రేపు మా దగ్గర పాత తెలుగు పిల్లల కథల రీప్రింట్ పని ఉంది, ఎడిటర్‌గా నాకు నిజంగానే సమాధానం కావాలి.

జవాబు: సమర్థించను బాబూ. 2023 ఫిబ్రవరిలో ఆ సంగతి బయటపడిన రోజు నాక్కూడా కోపమొచ్చింది. వందల చోట్ల మార్పులు. లావు పిల్లాడు ఆగస్టస్ గ్లూప్‌ని "ఫ్యాట్" అనకుండా "ఎనార్మస్" అన్నారు, పిల్లలకి తేడా తెలియదా? మటిల్డా అనే పిల్ల పుస్తకాలు చదువుతూ ఊహలోనే కిప్లింగ్‌తో ఇండియాకి వెళ్లిందని డాల్ రాస్తే, కిప్లింగ్‌నీ ఇండియానీ తీసేసి అమెరికా రచయిత స్టైన్‌బెక్‌తో కాలిఫోర్నియాకి పంపించారు. తెల్లవాళ్ల పాలనని పొగిడిన ఇంగ్లీష్ రచయిత కిప్లింగ్ మనల్ని ఎలా చూశాడో మనకి తెలుసు, నాకూ కోపమే. అయినా ఆ కాలపు ఇంగ్లీష్ పిల్ల కిప్లింగ్ చదివిందంటే అది నిజం, ఆ నిజాన్ని మాయం చేస్తే మన కోపం కూడా మాయమైపోతుంది, మన పిల్లలు "కిప్లింగ్ ఎవరు" అని అడిగే అవకాశం పోతుంది. గొడవ పెద్దదయ్యాక డాల్ పుస్తకాలు వేసే పఫిన్ సంస్థ వాళ్లు పాత మాటలతోనే 17 పుస్తకాలు విడిగా వేస్తామని ప్రకటించారు, అది ముందే చేసి ఉండాల్సింది.

కానీ ఇంకో సంగతి చూడు. 1964లో చాక్లెట్ ఫ్యాక్టరీ పుస్తకం మొదట వచ్చినప్పుడు అందులోని ఊంపా లూంపాలు ఆఫ్రికా అడవి మనుషులు, పొట్టివాళ్లు, వాళ్లని పెట్టెల్లో పెట్టి ఓడలో తెచ్చి, కకావో గింజలే జీతంగా ఇచ్చి పనిచేయించుకుంటాడు యజమాని, వాళ్లేమో సంతోషంగా పాటలు పాడుకుంటారు. బానిసల ఓడల చరిత్ర తెలిసినవాళ్లకి అది ఎలా ఉంటుంది? నల్లవాళ్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, 1973 ఎడిషన్లో డాల్ తనే వాళ్లని ఒక కల్పిత దేశం వాళ్లుగా మార్చి రాసుకున్నాడు. ఈరోజు "డాల్ రాసిన అసలు మాటలు ముట్టుకోవద్దు" అనేవాళ్లు చిన్నప్పుడు చదివింది దాదాపుగా ఆ మార్చిన పుస్తకమే.

నీ పని విషయానికి వస్తే, నేను నీ కుర్చీలో ఉంటే ఇలా చేస్తాను. చిన్నపిల్లల బొమ్మల పుస్తకమైతే కొత్త ఆర్టిస్టు చేత కొత్త బొమ్మలేయిస్తాను, ఎందుకు వేయించానో వెనక పేజీలో రాస్తాను. పెద్ద పిల్లల కథలైతే రచయిత మాట ఉన్నదున్నట్టు ఉంచి, ఎక్కడైనా కులం పేరుతో వెక్కిరింపో, చెవిటివాణ్నీ కుంటివాణ్నీ చూసి నవ్వడమో ఉంటే ఒక ముందుమాటలో ఆ సంగతి దాచకుండా చెబుతాను. మరీ భరించలేనిదైతే ఆ కథ ఈ సంకలనంలో వెయ్యను, వేరే మంచివి బోలెడున్నాయి. రచయిత పోయాక ఆయనకి తెలియకుండా, పాఠకుడికి చెప్పకుండా మాట మార్చి, పైన ఆయన పేరే ఉంచడం మాత్రం నా చేత కాదు. అది పాఠకుణ్ని మోసం చెయ్యడమే.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక తల్లి): అక్కా, మా బిడ్డ మూడో తరగతి చదువుతది. మొన్న మా మామయ్య ఇంట్ల పాత కథల పుస్తకాలు, బొమ్మల పురాణాలు బైండ్ చేసినయ్ ఉంటే తెచ్చి ఇచ్చిన. చదువుకుంట చదువుకుంట "అమ్మా, రాక్షసులందరు నా లెక్కనే నల్లగున్నరు, రాజకుమార్తెలందరు తెల్లగున్నరు, ఎందుకు?" అన్నది. నాకు ఏం చెప్పాల్నో తెల్వలేదు. అప్పటిసంది ఆమె బొమ్మ గీసుకుంటే గులాబీ రంగే వేసుకుంటున్నది.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదివి ఆ రోజు ఇంకేమీ రాయలేకపోయాను. డాలస్ బొమ్మల గురించి ఇంతసేపు మాట్లాడాం కదా, మన ఇంటి అల్మారా సంగతి నీ బిడ్డ అడిగింది.

నేను చందమామ చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక లేకపోతే నేనీ పేజీ రాసేదాన్నే కాదు, శంకర్ గారు గీసిన విక్రమార్కుడి భుజం మీద భేతాళుణ్ని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1967లో మొదలైన అమర్ చిత్ర కథ నా తర్వాతి తరానికి పురాణాలన్నీ నేర్పింది. వీటిని పారెయ్యమని ఎవరైనా అంటే నేను ఊరుకోను. కానీ అమర్ చిత్ర కథలో దేవతలూ రాజులూ తెల్లగా, అసురులు నల్లగా భారీగా ఉంటారని చదువుకున్నవాళ్లు ఎప్పట్నుంచో అంటున్నారు, అది అబద్ధం కాదు, నీ బిడ్డ ఎనిమిదేళ్లకే పట్టేసింది. 2020 జూన్‌లో పశ్చిమ బెంగాల్ బర్ద్వాన్‌లో ఒక నర్సరీ పుస్తకంలో "యు ఫర్ అగ్లీ" అని పెట్టి పక్కన నల్ల పిల్లాడి బొమ్మ వేశారు, ఇద్దరు టీచర్లని సస్పెండ్ చేశారు. అది వందేళ్ల కిందటి ఇంగ్లండ్ సంగతి కాదు, మొన్నటి మన దేశం సంగతి.

నీ బిడ్డతో "అదేం లేదులే, నువ్వు తెల్లగనే ఉన్నవ్" అని మాత్రం అనకు. చాలామంది ప్రేమతోనే అంటారు, అంటే నల్లగా ఉండటం తప్పని మనమూ ఒప్పుకున్నట్టే. "నువ్వు చూసింది నిజమే బిడ్డా, ఆ బొమ్మలేసినవాళ్లు అట్ల వేసిండ్రు, అది తప్పు" అని చెప్పు. పిల్లలు నిజం తట్టుకుంటారు, మనం తప్పించుకుంటేనే తట్టుకోలేరు. మనం పురాణం అనేదాంట్లోనే రాముడు నీలమేఘశ్యాముడు, ద్రౌపది అసలు పేరు కృష్ణ, నల్లనిది కాబట్టే ఆ పేరు, బొమ్మ వేసేవాళ్లు ఆమెని ఎందుకు తెల్లగా వేశారో మీ ఇద్దరూ కలిసి ఆలోచించండి.

మీకు దగ్గర్లోనే బమ్మెర ఉంది కదా, పోతన గారి ఊరు. ఒక ఆదివారం పోయి రండి. పోయేటప్పుడు బస్సులో ఆమెకి భాగవతంలో పద్యం నేర్పు, గోపికలు కృష్ణుడు కనపడక తోటంతా వెతుక్కుంటూ మల్లెపొదల్ని అడుగుతారు, ఎలాంటివాడని పొదలు అడుగుతాయేమోనని గుర్తులు చెబుతారు, ఆ గుర్తుల్లో మొట్టమొదటిది రంగే. "నల్లనివాడు పద్మనయనంబులవాడు" అని మొదలవుతుంది పద్యం. ఆమె నోట్లో అది తిరిగాక రంగుపెన్సిళ్ల డబ్బా ఇచ్చి కృష్ణుణ్ని గీయమను, ఏ రంగు తీస్తుందో నువ్వేమీ అనకుండా చూడు, గీసిన బొమ్మ నాకు పంపించు. వచ్చే నెల ఈ పేజీ పైన ఆ బొమ్మే వేయిస్తాను.